జమ్ములంక నుంచి కబురు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో కురిసిన వానలకి కొల్లేరు పొంగింది. బుడమేరు, తమ్మిలేరు ఒక్కసారే వచ్చిపడ్డాయి. సముద్రానికి పోయే ఉప్పుటేరు అంత నీటిని తీసుకోలేక, వరద సరస్సులోనే నిలిచిపోయింది. లంక గ్రామాల వాళ్లకి బియ్యం, మందులు అందించడానికి ఏలూరు నుంచి ఒక లాంచి బయలుదేరింది.

లాంచి నడిపేది సత్తిరాజు. కొల్లేటిలో ఎక్కడ లోతుందో, ఎక్కడ గుర్రపుడెక్క మేట వేసిందో కళ్లు మూసుకుని చెప్పగలడు. సహాయం పనులు చూసే అధికారి డిప్యూటీ తహసీల్దారు ప్రసాదరావు. మూడో మనిషి జీవరత్నం. యుద్ధకాలంలో బర్మా సరిహద్దులో సైన్యానికి వైర్‌లెస్ నడిపి, తిరిగొచ్చి ఏలూరులో రేడియోలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. వరద కబురు తెలిసిన రోజే తనంతట తాను ఆఫీసుకి వచ్చి, "లాంచిలో వైర్‌లెస్ సెట్టు పెట్టారటగా, నడిపేవాళ్లు లేకపోతే నేనెళ్తానండీ" అన్నాడు.

జమ్ములంక చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇళ్ల కప్పులు తప్ప ఊళ్లో ఇంకేమీ కనపడటం లేదు. జనమంతా ఊరి చివర ఉన్న ఒకే ఒక మెరక మీద, పిల్లల్నీ మేకల్నీ మధ్యలో పెట్టుకుని, చుట్టూ నిలబడి ఉన్నారు. పొద్దున గట్టు తెగినప్పుడు వాళ్ల పడవలన్నీ ప్రవాహానికి కొట్టుకుపోయాయి.

లాంచి ఆగగానే సూరమ్మ అనే పెద్దావిడ మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఎదురొచ్చింది. చేపల వేటకి పోయే మగవాళ్లు సైతం ఆమె మాట వింటారని ఆమె నడకలోనే తెలుస్తోంది.

"బాబుగారూ, పొద్దున ఆ రాయి మీద కూర్చుని పిల్లోడికి గంజి పోశానండి. ఇప్పుడు రాయేదీ? చీకటి పడేసరికి ఈ మెరక కూడా ఉండదండి."

లాంచిలో ఊరి జనంలో పావు వంతు కూడా పట్టరు. ప్రసాదరావు గబగబా వెనక్కి తిరిగాడు.

"రత్నంగారూ, ఏలూరుకి చెప్పండి. పెద్ద పడవలు కావాలి, ఎన్నుంటే అన్ని."

జీవరత్నం సెట్టు ముందు కూర్చుని చెవులకి ఫోన్లు తగిలించుకున్నాడు. ఏలూరు మాట స్పష్టంగా వినపడుతోంది. మాట్లాడదామని మీట నొక్కాడు. సెట్టు లోపలి మోటారు ఒక్క మూలుగు మూలిగింది, ముందున్న చిన్న దీపం మసకబారింది. మీట వదలగానే దీపం మళ్లీ వెలిగింది. అవతల నుంచి, "లాంచీ, లాంచీ, మీ మాట అందటం లేదు" అంటున్నారు.

"పోనీ వెళ్లి చెప్పి వచ్చేద్దామా?" అన్నాడు ప్రసాదరావు.

"వెళ్లేసరికే పొద్దు వాలుతుందండి. తిరిగొచ్చేసరికి..." అని సత్తిరాజు మెరక వైపు చూసి ఆగిపోయాడు.

"నాకు కాస్త టైమివ్వండి సార్," అన్నాడు జీవరత్నం. "సెట్టు బతికే ఉందండి. వినడానికి కొంచెం కరెంటు చాలు, మాట్లాడటానికి చాలా కావాలి. ఆ చాలా ఎక్కడో దారిలో పోతోంది. ఎక్కడ పోతోందో చూడాలి."

తన సంచిలోంచి మోటారుకారు బల్బు ఒకటి తీశాడు. దానికి రెండు తీగ ముక్కలున్నాయి. ఇంజన్ పక్కనున్న బ్యాటరీకే నేరుగా ఆ తీగలు ఆనించి, ప్రసాదరావుని మీట నొక్కమన్నాడు. బల్బు తెల్లగా వెలుగుతూనే ఉంది. "బ్యాటరీ మంచిదే." తరువాత సెట్టు వెనకాల, కరెంటు వచ్చి చేరే చోట ఆనించాడు. బల్బు బాగానే వెలిగింది. మీట నొక్కగానే లోపలి తీగ ఎర్రటి వెంట్రుకలా మిగిలింది.

"చూశారా అండీ? పని లేనప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. పని చెప్పినప్పుడే అసలు సంగతి తెలిసేది."

బ్యాటరీ మీద తీగలు బిగించే మొలలకి పచ్చటి చిలుము పట్టి ఉంది. దాన్ని చూసి సూరమ్మ తన మూటలోంచి చింతపండు తీసి ఇచ్చింది. "బిందె తోమినట్టు తోమండి." జీవరత్నం నవ్వి, అలాగే తోమి, తాగే నీళ్లతో కడిగి, తన చొక్కా కొసతో ఆరేలా తుడిచాడు. మళ్లీ చూశాడు. బల్బు కొంచెం మెరుగుపడింది. అంతే. ఫ్యూజు చూశాడు, బాగుంది. మెరక మీద పిల్లలు ఏడుస్తున్నారు. ప్రసాదరావు గడియారం చూసుకోవడం మానేసి, లాంతరు పట్టుకుని అతని పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

జీవరత్నం అడుగు పలకలు ఊడదీశాడు. లాంచి అడుగున చేరిన మురికినీళ్లలో మునిగి, బ్యాటరీ నుంచి సెట్టుకి తీగలు వెళ్తున్నాయి. ప్రసాదరావుని మీట నొక్కి పట్టుకోమని, తాను బోర్లా పడుకుని, తీగ పొడవునా వేళ్లతో తడుముతూ పోయాడు. ఒకచోట చేయి ఆగింది.

"ఇక్కడ వేడిగా ఉంది."

కత్తితో రబ్బరు చీల్చాడు. లోపల రాగి లేదు, పచ్చటి పొడి ఉంది. మరో జానెడు చీల్చినా అదే. పైకి మాత్రం రబ్బరు కొత్తదానిలా నున్నగా ఉంది.

"ఇది తోమితే పోయేది కాదండి," అన్నాడు లేచి కూర్చుంటూ. "లావు తీగ కావాలి." చుట్టూ చూశాడు. అతని చూపు ఇంజన్ దగ్గర ఆగింది. బ్యాటరీ నుంచి స్టార్టరుకి బొటనవేలంత లావు తీగలు రెండు పోతున్నాయి. అవి పొట్టివి, సెట్టు దాకా అందవు. కానీ బ్యాటరీనే సెట్టు దగ్గరికి మోస్తే అందుతాయి.

"రాజుగారూ, అవి తీస్తే ఇంజన్‌ని హ్యాండిల్ తిప్పి స్టార్టు చేయాల్సి వస్తుంది."

సత్తిరాజు ముఖం మారింది. కిందటేడు అదే హ్యాండిల్ ఎదురు తన్ని అతని కుడి ముంజేయి ఎముక విరిగింది. ఇప్పటికీ చలికి సలుపుతుంది. ఆ చెయ్యి ఓసారి నిమురుకున్నాడు.

"మీరు కాదంటే ఇంకో దారి వెతుకుతానండి," అన్నాడు జీవరత్నం మెల్లగా.

"ఇంకో దారి ఉంటే ముందే చెప్పేవారు కదండీ మీరు." సత్తిరాజు రెంచి తెచ్చి తానే నట్లు విప్పాడు.

ఇద్దరూ కలిసి బ్యాటరీని సెట్టు పక్కకి చేర్చారు. తీగలు బిగించాక బల్బు పెట్టి చూశారు. ఈసారి మీట నొక్కినా కొంచెమే తగ్గింది. ప్రసాదరావు మైకు అందించబోయాడు.

"వద్దండీ. ఇక దీన్ని చార్జి చేసేది లేదు, ఉన్నదాంతోనే సరిపెట్టాలి. మాటకైతే కరెంటు ఎక్కువ తాగుతుంది. తంతి కొట్టినట్టు మోర్స్ సంకేతాల్లో కొడితే తక్కువతో ఎక్కువ దూరం పోతుంది."

మోర్స్ కొట్టే మీట మీద వేళ్లు ఆనించి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తరువాత కొట్టసాగాడు. తొందర లేదు, తడబాటు లేదు. గంటసేపటి నుంచి మురికినీళ్లలో నానిన వేళ్లవి. టిక్కు టిక్కుమంటూ ఆ చప్పుడు సాగుతుంటే మెరక మీది జనం కూడా మాట్లాడటం ఆపేశారు. కొట్టడం ఆపి, విన్నాడు. చాలాసేపు విన్నట్టనిపించింది.

"అందిందండి," అన్నాడు. "కైకలూరు వైపు బియ్యం పడవలు ఖాళీ అయి ఉన్నాయట. అటునుంచే పంపుతున్నారు."

ప్రసాదరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. తరువాత లాంతరు ఆర్పే పనిలో పడ్డాడు.

జీవరత్నం సెట్టు దగ్గర నుంచి లేవలేదు. పడవలని గట్టు తెగిన చోటుకి రాకుండా పడమటి నుంచి చుట్టి రమ్మని మరో కబురు కొట్టాడు. వెలుతురుండగానే జమ్ము గడ్డి మీదుగా తెరచాపలు కనిపించాయి. ముందు పిల్లలూ బాలింతలూ, తరువాత ముసలివాళ్లూ, మిగతావాళ్లూ ఎక్కారు, వాళ్ల వెనక మేకలూ ఎక్కాయి. అందరూ ఎక్కారని చూసుకున్నాక, సూరమ్మ లాంచిలోకి వచ్చింది. అప్పటికి మెరక మీద నీళ్లు ఆడుతున్నాయి.

సత్తిరాజు హ్యాండిల్ తగిలించి, ఎడమ చేత్తో పట్టుకున్నాడు. మొదటిసారి ఇంజన్ దగ్గింది. రెండోసారి హ్యాండిల్ ఎదురు తన్నింది గాని అతను ముందే వదిలేశాడు. జీవరత్నం వచ్చి ఇంకో పక్క చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి తిప్పేసరికి ఇంజన్ అందుకుంది. పడవల్లోని జనం కేకలు వేశారు.

దారిలో సూరమ్మ జీవరత్నం పక్కన కూర్చుని చాలాసేపు ఆ సెట్టునే చూసింది.

"ఏవండీ, ఆ టిక్కుటిక్కుల్లో మా ఊరి పేరు కూడా చెప్పారా?"

"ఆయ్, మొట్టమొదట అదే చెప్పానమ్మా."

"ఎలాగుంటుందండి మా ఊరి పేరు?"

బ్యాటరీలో కరెంటు ఖర్చు చేయడం ఇష్టం లేక, అతను వేలిగోటితో లాంచి చెక్క మీద నెమ్మదిగా కొట్టి వినిపించాడు. సూరమ్మ తల వంచి, చెక్కకి చెవి ఆనించి, చివరి దాకా వింది.