మూడు వేళ్ల ఖాళీ

గోడలో పగులు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. గచ్చులో సందు కనిపిస్తే ఇంకా మండుతుంది. నలభై ఏళ్లు తాపీ పట్టిన చేతులివి. నేను అతికిన చోట గోరు దూర్చి చూపించమని ఎంతమందితోనో పందెం కాశాను, ఒక్కరూ గెలవలేదు. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్పే నా కూతురి కొంప ముంచబోయింది కాబట్టి ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది.

మా అమ్మాయి భవనాల ఇంజనీరు. పునాది ఎంత లోతుకి పోవాలో, స్తంభంలో ఎంత ఇనుము పడాలో లెక్క తేల్చేది తనే. మా ప్రాంతం మొత్తానికి మూడు సైన్సు కేంద్రాలు కట్టాలనుకున్నారు. పరిశోధన చేసేవాళ్లూ, కొత్త యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీల వాళ్లూ ఒకే కప్పు కింద పనిచేసుకునేలా అన్నమాట. మొదటిది మా ఊళ్లోనే. దాని డిజైను మా అమ్మాయిది. గచ్చు పని కాంట్రాక్టరు నాకిచ్చాడు. నా పనితనం చూసి ఇచ్చాడు, అమ్మాయి మొహం చూసి కాదు. ఎవరైనా అలా అంటే ఊరుకోను. ఇంట్లో నేను తనని అమ్మలూ అంటాను. పనిచోట మాత్రం తను మేడమ్, నేను మేస్త్రిగారు. ఆ షరతు తనే పెట్టింది.

ఆ భవనంలో ఒక గది ఉంది, అందరూ దిమ్మె గది అంటారు. కంటికి ఆనని వాటిని లక్షల రెట్లు పెద్దవి చేసి చూపించే మైక్రోస్కోపు కోసం కట్టింది. ఆ గది నేలంతా ఒకటే కాంక్రీటు దిమ్మె, మోకాలు దాటిన మందం. అసలు ఆ గది ఎక్కడుండాలన్న దాని మీదే పెద్ద రభస జరిగింది. రోడ్డు పక్కన వద్దు, లారీలు పోతుంటే నేల అదురుతుంది, వెనక్కి జరపండి అని కేంద్రం డైరెక్టరు గారితో సహా అందరూ అన్నారు. వెనక్కి జరిపితే మిగతా ల్యాబులు చీకటి కొట్లవుతాయి, అదరకుండా చేసే పూచీ నాది అని మా అమ్మాయి భీష్మించుకు కూర్చుని, చివరికి డైరెక్టరుని ఒప్పించింది. ఆ మొండితనం ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం నేల వాలు చూద్దామని రసమట్టం పట్టుకుని ఆ గదిలోకి వెళ్లాను. పనివాళ్లు లేరు. అమ్మాయి వేరే పని మీద వారం రోజులు ఊరెళ్లింది. నేల చూసేసరికి నాకు ఒళ్లు మండింది. దిమ్మెకీ చుట్టూ ఉన్న కాంక్రీటు అంచుకీ మధ్య నాలుగు వైపులా సందు. మూడు వేళ్లు పట్టేంత వెడల్పు. టార్చి వేసి చూస్తే అడుగు దాకా ఖాళీయే. కాంక్రీటు పోసినవాళ్లు ఇంత అన్యాయంగా వదిలేసి పోయారా అని తిట్టాను. వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి తీరిగ్గా తిట్టాను. రేపు డైరెక్టరు చూస్తే ఎవరి పరువు పోతుంది? నా బిడ్డదేగా.

ఫోను చేసి అడగొచ్చు. అడగలేదు. ఊరుకాని ఊళ్లో ఉన్న పిల్లని కంగారు పెట్టడమెందుకు, నేనున్నది దేనికి అనుకున్నాను. అడుగున ఇటుక ముక్కలు కూరి, ఇనుప కడ్డీతో పొడిచి పొడిచి దింపి, పైన చిక్కటి సిమెంటు మాలు పోశాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కణ్ణే. ఆ తర్వాత నాలుగు రోజులు తడి గోనెలు కప్పి నీళ్లు పట్టాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, "అమ్మాయిని ఒక్క మాట అడక్కపోయారా?" అంది.

"గోడ నిలువుగా ఉందో లేదో చూడ్డం దానికి నేర్పిందే నేను," అన్నాను.

"లెక్కలు నేర్పింది మీరు కాదుగా," అని గిన్నె నా ముందుకి తోసింది. ఆవిడెప్పుడూ అంతే, చురక పెట్టాకే వడ్డిస్తుంది.

అమ్మాయి తిరిగొచ్చేలోపు రబ్బరు షీట్లు పరిచే ముఠా వచ్చి, తమ నక్షాలో ఉన్నట్టే అంచుల వెంట మూత పట్టీ కూడా బిగించి పోయింది. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది.

పరీక్ష రోజు మైక్రోస్కోపు కంపెనీ నుంచి కొలతలు తీసే ఆయన వచ్చాడు. చిన్న డబ్బాలాంటి పరికరాన్ని దిమ్మె మీద పెట్టి, కంప్యూటరు తెర మీద రెండు గీతలు చూపించాడు. ఎర్ర గీత హద్దు. నేల అదురు నల్ల గీత. నల్లది ఎర్రదాన్ని దాటకపోతే మైక్రోస్కోపు ఇక్కడ దిగుతుంది, దాటితే ఇంకో ఊరికి పోతుంది. ఆయన మర్నాడు సాయంత్రం వెళ్లిపోవాలి. నేను గుమ్మం దగ్గర కూర్చుని గడప పలక సర్దుతున్నాను.

రోడ్డు మీద లారీ పోయింది. నల్ల గీత ఎగిరి ఎర్రదాన్ని దాటేసింది. రెండో లారీకీ అంతే. వరండాలో ఎవరో ట్రాలీ తోసుకెళ్తే దానికీ అంతే.

"మీ దిమ్మె విడిగా లేదండీ. భవనంతో కలిసి ఊగుతోంది," అన్నాడు కొలతలాయన.

"విడిగానే ఉంది. చుట్టూ ఖాళీ వదిలాను. అది దేన్నీ తాకదు," అంది మా అమ్మాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఎవరో వదిలేసిన సందు కాదు, నా కూతురు కావాలని వదిలిన ఖాళీ.

డైరెక్టరు చెడ్డమనిషేం కాదు, కానీ ఆయన మొహం మాడిపోయింది. "మీ మాట నమ్మి నేను పైవాళ్లందరితో పోట్లాడాను. ఇప్పుడేం చెప్పమంటారు? మిగతా రెండు కేంద్రాలూ ఇంకొకరికి ఇవ్వక తప్పదు," అన్నాడు. అమ్మాయి లెక్కల కాగితాలు తిరగేస్తోంది. చివరికి కాగితాలు మూసేసి, "ఎక్కడో నా లెక్కే తప్పింది," అంది. కొలతలాయన ఒక ఫారం ముందుకి జరిపాడు. పరీక్ష తప్పినట్టు ఇంజనీరు సంతకం పెట్టాలట.

అబద్ధమెందుకు, ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది. పట్టీ కింద ఏముందో నాకూ మా ఆవిడకీ తప్ప ఎవరికీ తెలీదు. నలభై ఏళ్ల పేరు. ఈ వయసులో పదిమందిలో తల దించుకోవాలా? ఈలోగా అమ్మాయి కలం తీసింది. తప్పని లెక్కని తప్పిందని రాసివ్వబోతోంది నా బిడ్డ. ఇక నావల్ల కాలేదు.

"ఆగండి మేడమ్," అన్నాను. "మీ లెక్క తప్పలేదు. ఆ ఖాళీ నేను పూడ్చేశాను."

అమ్మాయి నా వైపు తిరిగింది. "దేంతో పూడ్చారు మేస్త్రిగారూ?"

"ఇటుక ముక్కలు, సిమెంటు మాలు."

"ఎంత మేర?"

"నాలుగు వైపులా. అడుగు దాకా." అక్కడితో ఆపొచ్చుగా. "గట్టిగానే పూడ్చాను," అని కూడా అన్నాను.

కొలతలాయన నవ్వాపుకోలేకపోయాడు. "అదే నేనూ చూస్తున్నా. మామూలుగా ఎవరైనా పూడిస్తే ఎక్కడో ఒకచోట వదులుంటుంది. ఇది ఒకే రాయిలా పలుకుతోంది. ఇంత బాగా పూడ్చినవాళ్లని నేను చూళ్లేదండీ." నా పని ఒకరు మెచ్చుకుంటే సిగ్గుతో చచ్చిపోయిన రోజు నా జీవితంలో అదొక్కటే.

మా అమ్మాయి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫారం మడిచి పక్కన పెట్టి, "రేపు మధ్యాహ్నానికి తీసేయగలరా?" అని మాత్రం అడిగింది.

"డ్రిల్లు పెట్టి పగలగొట్టించండి," అన్నాడు డైరెక్టరు.

"అంచులు విరిగిపోతాయి," అన్నాం ఇద్దరం ఒకేసారి.

పట్టీ ఊడదీసి, ఉలీ సుత్తీ పట్టుకుని నేనూ మరో నలుగురు తాపీవాళ్లూ కూర్చున్నాం. నా పనితనాన్ని ఆ రోజు నేను తిట్టుకున్నట్టు ఎవరూ తిట్టి ఉండరు. గంటసేపు కొడితే జానెడు వచ్చేది. మధ్యలో మా ఆవిడ భోజనం తెచ్చి, చుట్టూ ఒకసారి చూసి, "కాస్త తక్కువ గట్టిగా పూడ్చాల్సింది," అని పోయింది.

అమ్మాయి వచ్చి నా పక్కనే కింద కూర్చుంది. "పక్కింటి గొడవ ఈ దిమ్మె చెవిన పడకూడదు నాన్నా. అందుకే దీన్ని ఒంటరిగా కూర్చోబెట్టాను."

"ముందే చెప్పొచ్చుగా," అన్నాను.

"నువ్వు అడగొచ్చుగా," అంది.

తను ఇటుక ముక్కలు ఏరి బొచ్చెలో వేసింది, నేను కొట్టాను.

మర్నాడు మధ్యాహ్నానికి ఆఖరి ముక్క వచ్చేసింది. దుమ్మంతా యంత్రంతో పీల్చేశారు. అమ్మాయి ఒక పొడుగాటి రేకు తీసుకుని ఖాళీలోకి దింపి, ఒక మూలనుంచి లాక్కుంటూ నాలుగు వైపులా తిరిగింది. ఎక్కడా అడ్డు తగల్లేదు. దిమ్మె అంచు ఒక్క చోట కూడా పెచ్చు లేవలేదు. పూడ్చడమే కాదు, పూడ్చింది తీయడంలోనూ నాకు సాటి లేదని ఆ రోజు తెలిసింది.

కొలతలాయన డబ్బా పెట్టాడు. లారీ పోయింది. నల్ల గీత నిద్రపోతున్నట్టు అలాగే ఉంది. ఇంకో లారీ. అలాగే ఉంది. ట్రాలీ తోశారు. ఆయన పరికరం చెడిపోయిందేమోనని తీగలు ఊడదీసి మళ్లీ పెట్టాడు. అయినా అంతే. "వరండాలో ఎవరైనా ఎగరండి," అన్నాడు. ఇద్దరు తాపీవాళ్లు ఎగిరారు. డైరెక్టరు చెప్పులు విప్పి మరీ ఎగిరాడు. తెరకేసి పరుగెత్తుకొచ్చి చూశాడు. "హద్దులో పదో వంతు కూడా లేదు," అని కొలతలాయన చెబుతుంటే పెద్దమనిషి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. దుమ్ము అని చెప్పాను. అప్పటికి గదిలో దుమ్మెక్కడిది?

డైరెక్టరు మా అమ్మాయి చేయి పట్టుకుని, "మిగతా రెండు కేంద్రాలూ మీరే చేయాలి," అన్నాడు.

"చేస్తాను. గచ్చు పని మాత్రం ఈయనకే ఇవ్వాలి," అంది తను నన్ను చూపించి.

డైరెక్టరు నవ్వాడు. "మళ్లీ పూడ్చేస్తారేమోనండీ."

"ఆ ఖాళీ ఎందుకో తెలిసిన మేస్త్రి ఈ చుట్టుపక్కల ఈయనొక్కడే," అంది నా కూతురు.

నేను వరండాలోకి నడిచాను. తొంభై కిలోల మనిషిని. ఎవరూ అడక్కుండానే, ఉన్న బలమంతా పెట్టి ఎగిరి దూకాను. గుమ్మంలోంచి తెరకేసి చూశాను. గీత కదల్లేదు.