ఎండబెట్టు బావా

బంటుమిల్లి సెంటర్లో మైకు పట్టుకుని రోజాని దొంగ అన్నది నేనే. ముందే చెప్పేస్తున్నాను.

రోజా రొయ్యల రైతులకి నీళ్ళు పరీక్ష చేస్తుంది. చెరువు అడుగున పేరుకున్న మేత కుళ్ళుని అరిగించే బాక్టీరియా పొడి అమ్ముతుంది. కృత్తివెన్నులో మా పోలయ్య బావ అది చల్లాడు. కుళ్ళు కరగలేదు. రొయ్యలు చచ్చి తేలాయి. నాకింకేం కావాలి? నలభై మందిని వేసుకెళ్ళి ఆమె షాపు ముందు కూర్చున్నాను. "మట్టి అమ్ముతున్నావా అమ్మాయ్?" అన్నాను. జనం నవ్వారు. ఆమె షట్టరు దించేసింది.

మూడో రోజు కబురు పెట్టింది. బావని తీసుకుని వెళ్ళాను, ఇంకో నాలుగు తిడదామనే.

టేబుల్ మీద రెండు గాజు పళ్ళేలు. రెండిట్లోనూ గంజి గడ్డకట్టించి ఉంది.

"ఇందులో మొన్న నా దగ్గరున్న పొడి వేసి ఉంచానండి. అందులో పోలయ్యగారింట్లో మిగిలితే తెప్పించిన పొడి. రెండూ ఒకే బ్యాచ్."

రెండిటి మీదా అయోడిన్ పోసింది. మొదటిదాంట్లో బాక్టీరియా చుక్కల చుట్టూ తెల్లటి గుండ్రాలు. రెండోది మొత్తం నల్లనీలం. చుక్కలు కూడా నాలుగైదే.

"గంజి ఉన్నచోట నీలమండి. బాక్టీరియా ఎంజైమ్ వదిలితే గంజి అరిగి తెల్లబడుద్ది. ఈ రెండోదాంట్లో చాలావరకు చచ్చాయి, మిగిలినవి ఎంజైమ్ చెయ్యట్లేదు. ఎండలో అతినీలలోహిత కిరణాలుంటాయి, అవి తగిలితే ఇంతే. ఎక్కడ పెట్టారండీ?"

బావ నా వైపు చూడలేదు. "చెమ్మెక్కిందమ్మా. డాబా మీద పట్టా వేసి రెండ్రోజులు ఎండబెట్టాం, ఎండేసిన మెత్తళ్ళ చేపల పక్కనే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ లేదు. నాకే తోచింది."

అబద్ధం. చెప్పింది నేను. "ఎండబెట్టు బావా, పురుగూ పుట్రా పోద్ది" అన్నాను. మా ఇళ్ళలో చేపైనా వలైనా పరుపైనా చెమ్మెక్కితే ఎండే మందు. ఆ పొడిలో ఉన్నదే పురుగని నా బుర్రకి తట్టలేదు.

అక్కడే నోరు విప్పాల్సింది. విప్పలేదు.

"నీడన ఉంచమని ప్యాకెట్టు మీద ఇంగ్లీషులోనే వేయించాను. తప్పు నాది కూడానండి" అంది రోజా.

ఆ 'కూడా' నా చెంప మీద పడింది.

సాయంత్రం అదే సెంటర్లో అదే మైకు పట్టుకున్నాను. ఈసారి ఆరుగురొచ్చారు. రోజా షట్టరు సగమే తీసుంది.

"ఎండబెట్టమన్నది నేను. రోజా దొంగ కాదు."

"వినపడట్లేదు అన్నా! మొన్నంత గట్టిగా!" అని ఎవడో అరిచాడు.

నిజమే. మైకు నోటికి ఆనించి మళ్ళీ చెప్పాను.