వెనక్కి తిరిగిన సీటు

"నీ కూతురు కెప్టెనంట! తాగిన గ్లాసు తీసి పెట్టదు, సముద్రంలో పడవ నడిపిస్తాదంట" అన్నాడు వీరబ్రహ్మం, కారు తాళాలు వెతుక్కుంటూ. తాళాలు ఎప్పటిలాగే భార్య రమణి తీసిచ్చింది. చిత్రాన్నం డబ్బాకు మూత కాస్త గట్టిగా బిగించింది, అంతే.

తన గ్లాసు ఎవరు కడుగుతున్నారో ఈ మనిషి ఎన్నడైనా చూశాడా? ఎనభై తొమ్మిదిలో కడప నుంచి మస్కట్ వచ్చి దార్సైట్ పేటలో కాపురం పెట్టారు. ఆయన ఒక కంపెనీలో కార్పెంటర్ల మీద ఫోర్‌మన్. ఆమె వాడి కబీర్ అనే పేటలో ఒక ఆఫీసులో టైపిస్టు. విజిట్ మీద వచ్చిన అత్తగారు "కూచోని వేళ్ళాడిస్తే జీతమిస్తారా తల్లీ?" అని ఆశ్చర్యపోయి, ఆ తల్లినే కూర్చోనివ్వకుండా మూడుపూటలా వేడివేడిగా వండించుకు తిని వెళ్ళింది. ఆఫీసులో మేనేజరుదీ అదే వరస. "రమణీ, నీ చేతి చాయే చాయ్" అంటాడు. అలా పొగిడి పొగిడి టైపు మిషను దగ్గర్నుంచి లేపి స్టవ్ దగ్గర నిలబెట్టాడు. ముఖాన పొగడ్త పూసి చాకిరీ చేయించుకోవడం ఎంత సులువో! అందుకే, కూతురు ఈశ్వరిని కాలేజీ వాటర్ స్కీయింగ్ జట్టుకు పిల్లలంతా చేతులెత్తి కెప్టెన్‌ని చేశారని తెలిసిన రోజు, ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రమణి వంటింట్లో గిన్నెలన్నీ అటూ ఇటూ జరిపింది. ఆ జట్టుకు ఆడపిల్ల కెప్టెన్ కావడం అదే మొదలు.

ముందే వెళ్ళిన ఈశ్వరి శుక్రవారం ప్రాక్టీస్ చూద్దామని ఇద్దరూ బయల్దేరారు. సిదాబ్ ఊరు దాటాక, కొండల మధ్య నీళ్ళ దగ్గర కారు ఆగేసరికి ఒడ్డున గొడవ జరుగుతోంది. గొడవంతా ఒక సీటు గురించి. పడవ వెనక తాడు పట్టుకుని, కాళ్ళకు చెక్కలు కట్టుకుని నీళ్ళ మీద జారేవాళ్ళను కనిపెట్టి చూడడానికి పడవలో ఒక మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలి. జారేవాళ్ళు పడితే ఎర్రజెండా ఎత్తాలి. ఆ మనిషి లేకుండా పడవ కదలకూడదు, అది రూలు. ఇన్నాళ్ళూ ఎక్కువగా మగపిల్లలే జారేవాళ్ళు. ఈశ్వరీ, దాని స్నేహితురాలు షీబా ఆ సీట్లో కూర్చునేవాళ్ళు, తాళ్ళు చుట్టేవాళ్ళు, జాకెట్ల ఉప్పు కడిగేవాళ్ళు. కెప్టెన్ కాగానే ఈశ్వరి చెప్పిన మొదటి మాట, ఇక నుంచి ఆ పనులన్నీ అందరూ వంతులవారీగా చెయ్యాలని. "అది ఆడపిల్లల సీటు" అని దేవదాసు, యాసిర్ మిగతా మగపిల్లల్నీ కూడదీసుకుని, అలిగి దూరంగా బండల మీద కూర్చున్నారు. షీబాను ఆ రోజు ఇంట్లోవాళ్ళు పంపలేదు.

"పడవ కదిలించలేనిది కెప్టెన్ ఎలా అవుతుందమ్మా?" అన్నాడు స్పోర్ట్స్ సార్, మెత్తగానే. "ఈ రోజు ప్రాక్టీస్ జరక్కపోతే దేవదాసుకి ఇచ్చేస్తా. నువ్వు వైస్‌గా ఉండి పనంతా చూసుకో."

రమణికి ఒళ్ళు మండింది. పేరు వాడికి, పని దీనికీనా! పెళ్ళైన నాటి నుంచీ తను బతుకుతున్నది ఇదే గానీ, ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు.

"నాన్నా, నువ్వు కూర్చో" అంది ఈశ్వరి.

"నేనా? ఆ సీట్లోనా? బాగుండాది వరస!" వీరబ్రహ్మం నవ్వేశాడు.

"నేను కూచుంటా" అంది రమణి.

"ఈతొచ్చునా నీకు?"

"ఈత రాదు, చూడ్డమొచ్చు. ఇన్నేండ్లుగా నేను చేస్తాండేది అదే కదా."

ఈశ్వరి తల్లి చీర మీద లైఫ్ జాకెట్ బిగించి, జెండా చేతికిచ్చింది. "అమ్మా, కండ్లు నా మీదనుంచి తియ్యొద్దు. నేను చెయ్యెత్తినాక బాబు మియాకు 'పోనీ' అని చెప్పు. ముందు చెప్పొద్దు." ఇంట్లో గారాలు పోయే పిల్లేనా ఇది! ఆ గొంతులో అదిలింపు లేదు, బతిమాలడమూ లేదు. ఇలా ఆజ్ఞాపించే పిల్లను తనే కన్నానని రమణికి గుండె నిండింది.

డ్రైవర్ బాబు మియాది రాయచోటి. పడవ బయల్దేరాలంటే 'పోనీ' అనాలని ఆయనే జట్టంతటికీ నేర్పాడట. మలయాళీ పిల్లలూ, ఒమానీ పిల్లలూ కూడా అదే కేక వేస్తారు. "ఫికర్ వద్దమ్మా, మీరు మాట చెప్పండి చాలు" అన్నాడు. ఈశ్వరి నీళ్ళలో సర్దుకుంది. తాడు బిగిసింది. చెయ్యి పైకి లేచింది. సరిగ్గా అప్పుడే ఒడ్డు నుంచి వీరబ్రహ్మం అరిచాడు. "దిగుమే! నలుగురూ నవ్వుతాండారు, నా పరువు తీస్తాండావు!"

అత్త దెప్పినా, మేనేజరు చాయ్ పెట్టమన్నా, మొగుడు నలుగురిలో కసిరినా రమణి నోట వచ్చేది ఒక్కటే మాట. ఇప్పుడూ అలవాటు కొద్దీ అదే వచ్చింది. "పోనీలేయ్యా..."

ఇంజను హోరులో 'లేయ్యా' ఎటు పోయిందో! బాబు మియాకు 'పోనీ' వినబడింది. పడవ ఎగిరి దూకింది. రమణి అమ్మో అని రాడ్డు పట్టుకుంది. కళ్ళు మాత్రం కూతురి మీదే ఉన్నాయి. ఈశ్వరి నీళ్ళలోంచి నిటారుగా లేచింది. రమణికి నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ళూ నోరు మూసుకోవడానికి వాడిన మాటకు ఇంత బలముందా ఓరి దేవుడా!

మలుపులో ఈశ్వరి పడింది. తల నీళ్ళలో మునిగిందో లేదో జెండా పైకి లేచింది. పడవ తిరిగి వచ్చాక పిల్ల ఉప్పునీళ్ళు ఉమ్మి, "భలే చూసినావమ్మా, చానా చురుగ్గా ఎత్తినావు" అంది. రమణి పనిని పనిగా చూసి మెచ్చుకున్న మొదటి పైఅధికారి ఆ పిల్లే.

ఒడ్డుకు చేరేసరికి దేవదాసు బండ దిగి వచ్చాడు. "తర్వాత నేను జారనా?"

"ముందు ఆ సీట్లో కూర్చో. ఆ తర్వాత నీ వంతు" అంది ఈశ్వరి. వాడు సార్ వైపు చూశాడు. సార్ ఈశ్వరి వైపు చూపించి, "కెప్టెన్ చెప్పింది కదా" అన్నాడు. వాడు జెండా తీసుకుని వెనక్కి తిరిగి కూర్చున్నాడు. వచ్చే శుక్రవారం వంతుల్లో ఈశ్వరి తల్లి పేరు కూడా రాసుకుంది.

ఇంటికి వస్తూ, కారు దార్సైట్ దగ్గరపడ్డాక వీరబ్రహ్మం అందుకున్నాడు. "సరే, ముచ్చట తీరిందిగా. వచ్చే శుక్రవారం మా ఫోర్‌మన్లంతా భోజనానికి వస్తాండారు. బిర్యానీ చెయ్యి."

కూతురికి జ్వరమొచ్చినా, రమణి నడుం పట్టేసినా, బడిలో టీచరు పిలిచినా ఆ ఇంట్లో ఆయన ఒకే ఒక్క మాట చెప్పి బయటపడేవాడు. దానికి ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. రమణి తడి కొంగు పిండుకుంటూ ఆ మాటే అంది.

"కుదరదు. నాకు డ్యూటీ ఉండాది."