గివ్ అప్ పాఠం

వారం రోజులుగా రుచిత నోట్లో ఒకటే మాట, గివ్ అప్. ఆదివారం విజయశ్రీ మేడమ్ నడిపే ఇంగ్లీషు క్లాసులో ఆ మాట మీద పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే టీచరు ఉద్యోగం. అందుకని కనిపించిన వాళ్లందరి మీదా సాధన చేసింది. తంబాకు నలుపుతున్న తండ్రితో "గివ్ అప్ నాయినా, అంటే మానెయ్యి" అంది. కుర్చీలో కూర్చున్న పక్కింటి లతను "గివ్ అప్, అంటే నీ జాగ నాకియ్యి" అని లేపేసింది. ఆ వారమంతా లత వాళ్లింటి వైపు రాలేదు.

"గిదంత మంచిగనే ఉన్నది గని, కొలువు రాకుంటే సోమారం సంది నాతోని కార్ఖానాకొచ్చి కండెలు చుట్టాలె" అన్నాడు తండ్రి రాజలింగం.

దారం కండెలు చుట్టడం రుచితకి కొత్తేం కాదు, సెలవులన్నీ అక్కడే గడిచాయి. కానీ అక్కడ సాంచెల మోతలో, అంటే మరమగ్గాల మోతలో, ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. రుచితకేమో మాట్లాడటమంటే ప్రాణం. ఈ ఉద్యోగం రాకపోతే ఏడుస్తుంది, అందులో దాపరికం ఏమీ లేదు.

ఆదివారం పొద్దున డిండోలి బస్తీలో మేడమ్ గారి మేడమీద గది కిటకిటలాడింది. వచ్చినవాళ్లంతా బతుకుదెరువుకి ఇంత దూరం వలసొచ్చి సాంచెలు నడిపే తెలంగాణ వాళ్లే. ముందు వరసలో యాభై దాటిన రాజమ్మ పలక పట్టుకుని కూర్చుంది. బోర్డు పక్కన, క్లాసుకి ఎదురుగా, విజయశ్రీ, ఆవిడ భర్త వరప్రసాద్ చెరో కుర్చీలో కూర్చున్నారు. ఆయన బ్యాంకు ఆఫీసరు.

రుచిత గుడ్ మార్నింగ్ అందో లేదో, కింది కార్ఖానాలో సాంచెలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆదివారం అవి పడుకోవాలి. ఏదో అర్జెంటు ఆర్డరట. నేల అదిరింది, కిటికీలు గడగడలాడాయి, రుచిత గొంతు ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

అయితేనేం, ఆమె సాంచెల మధ్య పుట్టిన పిల్ల. బోర్డు మీద క్విట్, స్టాప్, సరెండర్ అని రాసి చేతులకి పని చెప్పింది. అరచేతిలో తంబాకు నలిపి, ముక్కు మూసుకుని విసిరేసింది. తుపాకి చూసినట్టు రెండు చేతులూ పైకెత్తింది. బస్సులో సీటు ముసలామెకిచ్చి వంగి దండం పెట్టింది. చిక్కుపడిన దారం విప్పి విప్పి, విసుగొచ్చి, నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒక్కో అర్థానికీ సరైన మాటే వేలు పెట్టి చూపించారు.

ఆ సంబరంలో రుచిత పక్కకి చూసింది. విజయశ్రీ భర్త వైపు వంగి ఏదో అంటోంది. "ఇది పాఠమా, వీధి నాటకమా? ఈ అమ్మాయి వల్ల కాదు. ఇంకొకర్ని చూద్దాం."

సాంచెల మోతలో బతికేవాళ్లకి చెవులతో పనిలేదు, పెదాలు చూసి వినేస్తారు. ఆఫీసర్ల క్వార్టర్స్‌లో పెరిగిన మేడమ్‌కి ఆ సంగతి తెలియదు. ఇంత మోతలో తన మాట మొగుడికి తప్ప ఎవరికీ అందదని ఆవిడ ధీమా. రుచితకి అందింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజమ్మకీ అందింది. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అందింది, నవ్వులు టక్కున ఆగాయి.

రాజమ్మ పలక కింద పెట్టి లేచి, తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లి, చెవిలో నోరు పెట్టి అరిచింది.

"మేడం, గీ పోరిని గివప్ జేయకుండ్రి. నో క్విట్, నో స్టాప్, నో సరెండర్."

విజయశ్రీ మొహం ఎర్రబడింది. "నేనన్నది మీకెలా వినిపించింది?" అంది బిత్తరపోయి.

"ఇనవడలే మేడం, కనవడ్డది."

వరప్రసాద్ నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. విజయశ్రీ రాజమ్మని చూసింది, బోర్డుని చూసింది, మళ్లీ రాజమ్మని చూసింది. మూడు నెలలుగా ఆ మనిషి చేత ఒక్క ఇంగ్లీషు ముక్క పలికించలేకపోయింది ఆవిడ. ఈసారి జాగ్రత్తగా పమిట నోటికి అడ్డం పెట్టుకుని భర్తతో ఏదో చెప్పింది. గదంతా మెడలు సాచింది. ఒక్క ముక్కా అందలేదు.

వరప్రసాద్‌కి మాత్రం నోరు మూసుకోవాలని తోచలేదు. "సరే, రేపట్నుంచే రమ్మను" అన్నాడు.

విజయశ్రీ పమిట దించి ఆ కబురు చెప్పబోయేసరికే, రాజమ్మ రుచితని ఎత్తుకుని గిరగిరా తిప్పుతోంది.