పన్నెండడుగుల దారి

ట్రేసింగు కాగితం మీద బండ్లు నిలిపే చోటుకని గీసిన గడిని వెంకోబారావు బ్లేడుతో గీకి చెరిపేశాడు. పొద్దున్నుంచి ఇది మూడోసారి. అక్కడ కాగితం పలచబడి కింద బల్ల చెక్క కనిపిస్తోంది.

ఇంజనీరు శ్రీపాదరావు దగ్గర ఇరవై ఆరేళ్లుగా ఇళ్ల నక్షాలు గీస్తున్నాడతను. సన్నటి మనిషి. కుడి చూపుడువేలి మీద సిరా మచ్చ పుట్టుమచ్చలా నిలిచిపోయింది. ఆ ఎనభై నాలుగో సంవత్సరంలో ఆదోని బయట, ఎమ్మిగనూరు రోడ్డులో మిల్లు ఉద్యోగుల సంఘమొకటి మూడంతస్తుల్లో ఇరవై నాలుగు ఇళ్లు కట్టాలనుకుంది. బండ్లకు ఎంత చోటు వదలాలో వాళ్లకు తెలియలేదు. ఆ నియమమేదో మీరే రాసివ్వండన్నారు. సాయంత్రం ఐదుకు సమావేశం.

"ఈ ఊర్లో కార్లు ఎందరికుండాయప్పా? సైకిళ్లకు గోడవార చాలు. మిగిలిన చోట అంగళ్లు కట్టుకుంటారు," అన్నాడు శ్రీపాదరావు.

వెంకోబారావు కూర్చోలేకపోయాడు. గొడుగు తీసుకుని, మిట్టమధ్యాహ్నం మిల్లు పాత క్వార్టర్సుకు నడిచాడు. సందంతా సైకిళ్లు. మొదట్లోనే తోపుడు బండి అడ్డంగా ఉంది. పత్తి ఏరే పనికి పోయే ఉరుకుందమ్మ గడపలో కూర్చుని అతన్నే చూస్తోంది.

"ఏం రాసుకుంటాండావు సామీ?"

"కొత్త ఇండ్లకాడ బండ్లు యాడ నిలపాలో చూస్తాండానమ్మా."

"మా కోడలికి నొప్పులొచ్చిన దినం జట్కా సందులోకి రాలే. మంచంతో మోసుకపోతిమి."

పెన్సిలు ఆగింది. "మీ కోడలు..."

"బతికింది సామీ. బిడ్డ పోయినాడు."

తిరిగొచ్చేదాకా వెంకోబారావు ఎండను పట్టించుకోలేదు. పన్నెండేళ్ల కింద భార్య భాగీరథికి గుండెనొప్పి వచ్చినప్పుడు, తమ సందులోనూ ఇరుగుపొరుగువాళ్లు సైకిళ్లను ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టారు. ఆసుపత్రి చేరేసరికి ఆమె చెయ్యి చల్లబడింది.

బల్ల దగ్గర నిలబడే రాశాడు. ఇంటికి రెండు సైకిళ్లు, ఒక స్కూటరు. నాలుగిళ్లకు ఒక కారు. తోపుడు బండ్లకు విడిగా చోటు. గేటు నుంచి ప్రతి మెట్ల వరుస దాకా పన్నెండడుగుల దారి, అందులో ఏ బండీ నిలపరాదు.

శ్రీపాదరావు చదివి నుదురు రుద్దుకున్నాడు. "అంగళ్లు పోతాయి కదా. సంఘమోళ్లు ఒప్పరు."

"నేను చెప్తాను సార్." ఇరవై ఆరేళ్లలో అతను ఎదురు చెప్పడం అదే మొదలు. "మా ఇంటామెను సందులో నుంచి మోసుకపోయినాము. దారి లేక."

శ్రీపాదరావు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. కింద సంతకం పెట్టాడు. "సభలో మీరే చదవండి."

వెంకోబారావు శుభ్రప్రతి రాసి, సిరా ఆరేదాకా అని కుర్చీలో వెనక్కి వాలాడు. ఐదు కావస్తుంటే శ్రీపాదరావు వచ్చి పిలిచాడు. భుజం తట్టాడు. అతను లేవలేదు. చెయ్యి చల్లబడి ఉంది.

వాయిదా పడ్డ సభలో కాగితాన్ని శ్రీపాదరావే చదివాడు. సంఘం ఆరు కార్ల చోటును మూడుకు తగ్గించి రెండు అంగళ్లు పెట్టుకుంది. పన్నెండడుగుల దారిని మాత్రం ముట్టలేదు.

ఆఫీసు గుమ్మం పక్కన వెంకోబారావు చెప్పులు, వచ్చేపోయేవాళ్ల కాళ్లకు అడ్డం రాకుండా గోడకానించి, అట్లాగే ఉన్నాయి.