ఒంటి బొంత

రోజుకు తొమ్మిది డిష్‌డాషాలు ఇస్త్రీ చేస్తాను. ఇక్కడి మగవాళ్ళు వేసుకునే పొడుగు అంగీ అది, మెడ నుంచి చీలమండల దాకా ఒకటే తెల్లగుడ్డ, ముడత పడితే దాచుకోవడానికి చోటుండదు. మా మేడం ఇంట్లో మగవాళ్ళు నలుగురు. ఆఫీసుకొకటి, నమాజుకొకటి, పెళ్ళి పిలుపులకొకటి. "యా హమీదా, ఇది చూడు" అని పెద్దకొడుకు మెడ దగ్గర వేలాడే కుచ్చు పట్టి చూపిస్తాడు, అది వంకరపోయిందట. నాలుగేళ్ళుగా ఈ అరబ్బుల దేశంలో, సహం అనే ఊళ్ళో నా పని ఇదే. ఇది కాక వంట, అంట్లు, నేలలు, ఎండుచేపల వాసన పోయేదాకా వంటింటి గోడలు. అయినా ఇక్కడ దీన్ని డ్యూటీ అంటారు, నెల తిరిగితే జీతం ఇస్తారు. ఇదే పని రాయచోటి దగ్గర మా అత్తగారింట్లో ఇరవై రెండేళ్ళు చేస్తే, మా ఆయన ఖాదర్‌వలి రోజూ సాయంత్రం వచ్చి అడిగేవాడు. "పొద్దుగాల్నుంచి ఇంట్లో ఉండి ఏం చేస్తాండావు మే?" అని. నిజంగా తెలియకే అడిగేవాడు, అదే నాకు ఒళ్ళు మండేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా పడుకుంటుంది. సహంలో కొట్లు కూడా మూసేస్తారు, వీధిలో పిల్లి కూడా కనబడదు. అప్పటి నుంచి సాయంత్రపు నమాజు పిలుపు, అసర్ అజాన్ దాకా రెండు గంటలు నావి. ఎవరూ ఇచ్చినవి కావు, వాళ్ళు నిద్రపోతారు కాబట్టి మిగిలినవి. బట్టలుతికే గది పక్కన నా గది, అందులో ఒక ఇనుప మంచం. నలభై మూడేళ్ళొచ్చాక నాకంటూ దొరికిన మొదటి మంచం అది. దాని కింద గుడ్డముక్కల సంచులు, దిండు కింద సూది, దారం, దారానికి రాసే కొవ్వొత్తి ముక్క. నేను బొంతలు కుడతాను. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ అవసరం లేదు. కుట్టకపోతే చేతులు ఊరుకోవు, అంతే.

మాది దూదేకుల ఇల్లు. మా నాయన విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి పరుపుల దూది ఏకేవాడు. అమ్మ బొంతలు కుట్టేది. నాయన చేసేదాన్ని పని అనేవాళ్ళు. అమ్మ కుట్టేదాన్ని "ఊరికే కూచోలేక ఏదో కుట్టుకుంటా ఉంటాది" అనేవాళ్ళు. నాకు విల్లు ముట్టుకునే హక్కు లేదు గాని సూది మాత్రం ఆరేళ్ళకే చేతికొచ్చింది.

ఇక్కడికొచ్చాక కుట్టిన మొదటి బొంత మేడం పిల్లల చిన్నప్పటి బట్టలతో. ఒక మూట నా ముందు పడేసి తుడిచే గుడ్డలకు వాడుకోమంది. విప్పి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్ని పూలు, ఎన్ని చారలు! ఆ ఆత్రంలో పెద్ద తప్పు చేశాను. మా అమ్మయితే ప్రతి ముక్కనీ ముందు ఉడుకునీళ్ళలో ముంచి ఎండేసేది. నేను ఉతక్కుండా కుట్టేశాను. మొదటి ఉతుకుకే నూలు ముక్కలు కుంచించుకుపోయాయి, పాలిస్టర్ ముక్కలు మొండిగా అలాగే ఉన్నాయి, బొంతంతా బుడిపెలు తేలింది. దూదేకుల పిల్లవై ఉండీ ఇదేం బుద్ధి నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. మేడంకి ఆ బుడిపెలే నచ్చాయి. "హిల్వా!" అంది, అంటే బాగుందని. నా చేతిలోంచి తీసుకుపోయి మనవరాలి ఊయలలో పరిచింది. అడగలేదు, అడగాలని ఆమెకు తోచలేదు. గుడ్డ ఆమెదే కదా అని నేనూ ఊరుకున్నాను.

రెండోది నా కూతురు షబానాకి. అది రాయచోటిలో డిగ్రీ చదువుతోంది. ఈసారి బుద్ధిగా ముందే ఉతికాను. బజారులో దర్జీ సుఫియాన్ దగ్గర కత్తిరింపు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. ఆకుపచ్చ, వంకాయరంగు, పసుపు, అన్నీ ఇక్కడి ఆడవాళ్ళ పండగ బట్టల రంగులే. ముక్కలు మంచం మీద పేర్చి, కుర్చీ ఎక్కి పైనుంచి చూసేదాన్ని. కింద నుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. పైనుంచి చూస్తేనే ఏ ముక్క గొంతు చించుకుంటోందో తెలుస్తుంది. వంకాయరంగు పక్కన పసుపు ఊరికే అరుస్తుంటే మధ్యలో చిరిగిన డిష్‌డాషా తెలుపు ఒక వేలెడు వేసి నోరు మూయించాను. ఆ రోజు నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను, ఎవరూ లేరు కాబట్టి. ఏడు నెలలు పట్టింది. పక్క ఊరు ఖబూరాలో ఒక కొట్లో పనిచేసే మా ఊరి బాషా సెలవు మీద పోతుంటే అతని చేతికిచ్చి పంపాను.

అది షబానా దగ్గర రెండు రోజులుంది. మూడోరోజు ఖాదర్‌వలి దాన్ని వాళ్ళ చెల్లెలి కూతురి కాన్పుకు ఇచ్చేశాడు. నేను ఫోన్లో అరిచాను. "ఇంట్లోవాళ్ళకేగా పోయింది? గుడ్డపీలికలకు ఏడుస్తారా మే ఎవురన్నా?" అన్నాడు. "నేనొద్దన్నా మా, నాయన యాడ వింటాడు" అని షబానా ఏడ్చింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ఆ సాయంత్రం మేడం గిన్నెలన్నీ దబదబా పడేశాను. ఒక గాజు పళ్ళెం పగిలింది, తిట్లు తిన్నాను. తిన్నా సరే, లోపల మంట తగ్గలేదు.

మూడోది నాకు.

అనుకోవడానికే సిగ్గేసింది మొదట. నేల మీద పడుకుని, సుద్దముక్కతో తలపైన ఒక గీత, పాదాల కింద ఒక గీత పెట్టుకున్నాను. నిలువు కుదిరింది. అడ్డం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ నేను కుట్టినవన్నీ ముగ్గురికో నలుగురికో పట్టే బొంతలు. అందులో మధ్య భాగం ఖాదర్‌వలిది, తర్వాత పిల్లది, చిట్టచివరి అంచు నాది. ముందు లేవాల్సింది నేనే కాబట్టి నాకు అంచు చాలని మా అత్త పెళ్ళయిన కొత్తల్లోనే చెప్పింది. "ఆడది బొంత లాక్కోకూడదు మే, ఉన్నంతలో సర్దుకోవాల" అంది. ఆయన అటు తిరిగితే బొంత అటు పోయేది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని చలికాలాలు ఎన్ని గడిపానో దేవుడికెరుక. ఇప్పుడు రెండు చేతులూ బార్లా చాపి, అటొకసారి ఇటొకసారి దొర్లి, ఒక్కదానికి ఎంత కావాలో అంతే గీత గీశాను. నాలుగు మూరలు కూడా లేదు. ఆ గీతలు చూసుకుంటే నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది.

ఎందుకింత పట్టుదలంటే, వచ్చే నెల నాకు టికెట్ ఉంది. ఇక తిరిగి రాను. అత్తకి మోకాళ్ళు పట్టేశాయి, చేసేవాళ్ళు లేరని ఖాదర్‌వలి రమ్మన్నాడు. చేసేవాళ్ళంటే నేనే. షబానా మొహం చూడాలని నాకూ ఉంది. కాని పోయిన మర్నాటి నుంచే మళ్ళీ ఆ అంచుకు జరిగిపోతానేమోనని భయం. ఇక్కడ పరాయి ఇంట్లో నాకొక మంచముంది, అక్కడ సొంత ఇంట్లో ఏముంది? ఆ ఇంట్లోకి నాతోపాటు నా కొలతకు కుట్టిన బొంత ఒకటి వస్తే, నాకంటూ అంత జాగా ఉన్నట్టు. నవ్వేవాళ్ళు నవ్వనీ.

తప్పు నాదే. పైపొర పూర్తయిన రోజు సంతోషం పట్టలేక వీడియో కాల్‌లో ఖాదర్‌వలికి చూపించాను. రెండు చేతులా పట్టుకుని "ఎట్లుంది?" అన్నాను. ఆయన రంగులు చూడలేదు.

"ఏందిది? ఇంత ఎడల్పేనా?"

"నాకే కదా."

"నేను యాడ పండుకోవాల?"

ఆయన మొహం ఎర్రబడింది. "నేనేమన్నా సచ్చిపోయినానా మే? ఒంటి బొంత కుడతాండావు!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా ఇళ్ళల్లో ఒంటి బొంత ఇద్దరికే కుడతారు. బాలింతకు నలభై రోజులకొకటి, మొగుడు పోయినామెకు ఒకటి. బాలింతది మళ్ళీ విప్పేస్తారు. రెండోది ఆమెతోనే పోతుంది. నాలుగేళ్ళు పరాయి దేశంలో ఉండి ఈ సంగతే మర్చిపోయాను, లేక మర్చిపోవాలనుకున్నానో తెలియదు. ఫోన్లో వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది. "మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగా ఒంటి బొంతంట్రా? నేను మీ నాయన పక్కన యాభై ఐదేండ్ల నుంచి ఒకే బొంత కింద పండుకోలా? ఇంకో జానెడు, ఇంకో జానెడు అని కలుపుకుంటా పొమ్మను." ఆమె పక్కనే మా మామ దగ్గుతున్నాడు. "ఎడల్పు పెంచుకోని రా. లేదంటే దాన్ని ఆడనే పారేసి రా" అని ఖాదర్‌వలి ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజు నుంచి నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోతే ఒక డిష్‌డాషా పసుపు పచ్చబడింది. పక్కింట్లో పనిచేసే సుబ్బలక్ష్మక్కది నర్సాపురం వైపు, చెత్త సంచులు పడెయ్యడానికి బయటికొచ్చినప్పుడు మాట్లాడుకుంటాం. అంతా విని ఆమె "ఓసినీ, దీనికేనా! ఆ మగోడి మొహాన రెండు జానలు కలిపి పడెయ్యవే. గొడవొదిలిపోద్ది. నేను ముప్ఫయ్యేళ్ళు అలాగే నెట్టుకొచ్చేశాను" అంది.

"ఆ రెండు జానలతోనే అన్నీ పోయినాయక్కా" అన్నాను.

"మరి పోనీలే, కాపరం పోకుండా ఉంది కదా" అని నవ్వింది. నవ్వాక చెత్త సంచి చేతిలోనే పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఆమె మాటే విన్నాను. మేడం పాత కర్టెన్ చింపి, మూరెడు వెడల్పు పట్టీ తీసి బొంతకు ఒక పక్క కలిపాను. మట్టి రంగు, మందపు గుడ్డ. కుర్చీ ఎక్కి చూశాను. అది ఎవరికో జాగా ఆపిపెట్టినట్టుంది, అంతకన్నా ఏమీ లేదు. దిగి విప్పాను. మర్నాడు మళ్ళీ కలిపాను, ఆ మర్నాడు మళ్ళీ విప్పాను. గుడ్డ అంచున సూది బెజ్జాలు పడి జల్లెడైంది. ఇన్నేళ్ళ సూదిపనిలో ఒకే కుట్టును రెండుసార్లు ఊడదీసింది లేదు నేను.

మూడోసారి కలిపి మళ్ళీ విప్పుతున్నప్పుడు మేడం వచ్చింది. ఆమె చేతిలో కుమ్మా ఉంది, ఇక్కడి మగవాళ్ళు పెట్టుకునే గుండ్రటి టోపీ. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని దాని నిండా సన్నటి బెజ్జాల కుట్టు కుడతారు. మేడం తన భర్తకు ఒక్కో కుమ్మా నెలల తరబడి కుడుతుంది, కళ్ళు నలుపుకుంటూ. నా మంచం మీద కూర్చుని బొంత తడిమి, "ఇది ఎవరికి?" అని అరబ్బీలో అడిగింది.

"లీ" అన్నాను. నాకు అని.

"నీ మొగుడికి?"

"లా. లీ." కాదు, నాకే అని.

పగలబడి నవ్వింది. నాకు కోపం రాలేదు. నవ్వు ఆగాక ఆమె తన కుమ్మాను తిప్పి చూసుకుంది, ఇన్నేళ్ళలో ఎన్ని కుట్టావు మేడం అని అడిగాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేసింది. "నీకేం కుట్టుకున్నావు?" అన్నాను, నా హద్దు దాటి. లేచి వెళ్ళిపోయింది. డ్యూటీలోంచి తీసేస్తుందేమో అనుకున్నాను, వచ్చే నెల పోయేదాన్ని నాకేం భయం. సాయంత్రం చాయ్ పెట్టమని మామూలుగానే పిలిచింది.

మర్నాడు మధ్యాహ్నం కర్టెన్ పట్టీని పూర్తిగా విప్పి, మడిచి, తుడిచే గుడ్డల్లో పడేశాను. అంచు మొదలుపెట్టాను. బొంతకు చుట్టూ అంచు మడిచి కుట్టేస్తే ఇక అది పెరగదు. అంచు పడనంతవరకే అది కలుపు, ఇది కలుపు అని అందరూ అంటారు. మేడం పైన వేసుకునే పాత నల్ల అబాయా ముక్కలు మడిచి, రెండు పేటల దారానికి మైనం రాసి, బియ్యపు గింజంత కుట్టు వేశాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఖాదర్‌వలి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెళ్ళయ్యాక ఆయన పిలిస్తే పలకకపోవడం అదే మొదలు. ఫోన్ మోగుతున్నంతసేపూ కుట్టు ఒక్కటి కూడా వంకరపోలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం బొంత కప్పుకుని, కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నాను. ఏసీ గాలిలో వెచ్చగా, ఎవరూ లాగనంత నిశ్చింతగా ఉంది. ఫోన్ మోగింది. ఖాదర్‌వలి నంబరే. ఎన్నాళ్ళని దాక్కుంటాను, చెప్పేద్దామని ఎత్తాను.

"నేను మే" అంది మా అత్త. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "వాడు ఫోను ఈడ పెట్టి చాయకు పోయినాడు. షబానా కలిపిచ్చింది. అంచు కుట్టేసినావా?"

"కుట్టేసినా అత్తా. ఇంక విప్పేది లేదు." తిట్లకు సిద్ధపడే అన్నాను. లేచి కూర్చున్నాను కూడా.

అవతల ఆమె ఊపిరి వినిపించింది. దూరంగా మా మామ దగ్గు, మంచం కిర్రుమన్న చప్పుడు.

"పీలికలు ఇంకా మిగిలినాయా?"

"మిగిలినాయి. ఎందుకత్తా?"

"నిలువు నీదానికంటే రెండు జానలు తగ్గించు. నేను ఇప్పుడు కుంగిపోయినా" అంది. నేను మంచం కింది సంచి ముందుకు లాక్కున్నాను. ఆమె ఇంకా చిన్నగా, దాదాపు ఊపిరితోనే చెప్పింది. "మీ మామ అడుగుతాడు, నీ మొగుడు అడుగుతాడు. ఎవురు ఏం చెప్పినా ఎడల్పు మాత్రం పెంచొద్దు మ్మే."