కుట్టులో చిక్కిన చెంగు

దబ్బనానికి పురికొస ఎక్కించి హనుమంతమ్మ బస్తా మూతిని దగ్గరకు లాగింది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల బస్తాలు కుట్టి కుట్టి ఆమె కుడి బొటనవేలి గోరు చీలి, కొమ్ములా నల్లగా గట్టిపడింది. గుచ్చడం, లాగడం, ముడి వేయడం. కళ్లు మూసుకున్నా చేతులు తప్పవు.

ఎదురుగా భువన గడ్డల తోకలు కోస్తూ పాడైనవి పక్కకు ఏరుతోంది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఆటో.

"అత్తా, నిజంగా నొప్పి లేదా?"

"చీమ కుట్టినట్టు గూడా లేదుమే. రగతం యాడన్నా కనబడతాందా?"

పొద్దున వస్తుండగా వాగు మలుపులో కారొకటి వాళ్ల ఆటోను గుద్దింది. ఆటో బోల్తాపడింది. హనుమంతమ్మ తల ఇనుప కమ్మీకి కొట్టుకుని కాసేపు లోకమంతా చీకటైంది. తర్వాత లేచి కొంగు దులుపుకుంది. నొసలు చిట్లి, కాలి చెప్పొకటి జారిపోయిన చిన్నపాపను, తల్లిని 108 ఎక్కించింది.

"నువ్వు గూడా రామ్మా. తలకు దెబ్బ తగిలితే లోపల ఏమయిందో బయటికి తెలీదు," అన్నాడు 108 మనిషి.

"రగతం కారేటోళ్లను తీసుకపో నాయనా. నాకేమయింది?"

ఆ బండి కనుమరుగయ్యేదాకా నిలబడి చూసింది. ఆమె అలవాటది. బెంగళూరు పనికి పోయి తిరిగి రాని మొగుణ్ణి కూడా అలాగే చూసింది. బస్సు వెనక అద్దం ఇప్పటికీ గుర్తే. ఆయన మొహమే గుర్తు లేదు.

"ఆ పాప చెప్పు దొరికిందామే?"

"దొరికిందత్తా. వాళ్లమ్మకు ఇచ్చినాం గదా."

ఎండ రేకుల మీదికెక్కింది. ఉల్లిపొట్టు ఎర్రగా లేచి, సుడి తిరిగి, చప్పుడు లేకుండా వాలింది. ఎడమ చెవిలో దూరపు బండి మోత ఆగకుండా వినిపిస్తోంది. హనుమంతమ్మ వెనక్కి తిరిగి చూసింది. బండి లేదు. తన చేతులు తనతో పని లేకుండా వాటంతటవే కుడుతున్నాయి.

"ఆ పాప చెప్పు దొరికిందామే?"

అవే మాటలు, అదే గొంతు. భువన చేతిలోని గడ్డ జారిపోయింది.

మధ్యాహ్నం హనుమంతమ్మ సద్ది విప్పి రెండు ముద్దలు తిన్నది కాస్తా కక్కుకుంది. "ఎండకులే," అని మళ్లీ బస్తా ముందు కూర్చుంది. హమాలీ మారెన్న ఆ బస్తా ఎత్తబోయి పకపకా నవ్వాడు.

"ఏందక్కా, నిన్ను గూడా లారీకెక్కియ్యల్లనా? గడ్డల కంటే మంచి ధర పలుకుతావులే!"

ఆమె చీర చెంగు బస్తా మూతితో కలిసి కుట్టుకుపోయి ఉంది. కుట్లు మాత్రం వరుస తప్పలేదు. అదెవరి చీరో అన్నట్టు ఆమె వింతగా చూసింది. భువన కొడవలితో చెంగు కోసి విడిపించి, ఆమె మొహం పైకెత్తింది. ఒక కంటిపాప ఆవగింజంత ఉంది. రెండో కన్నంతా నలుపే.

"మారెన్న మామా, ఈ కన్ను సూడు!"

మారెన్న నవ్వు ఆరిపోయింది. "ఆ మలుపు మంచిది కాదు. శానామంది పోయినారాడ. గాలి సోకినట్టుండాది."

"ఆసుపత్రికి పోదాం మామా."

"గాలికి సూదిమందు పనిచేస్తాదా? ముందు దర్గాలో తాయెత్తు కట్టిద్దాం."

దర్గాకని ముగ్గురూ ఎక్కిన ఆటో పెద్దాసుపత్రి గేటు ముందు నుంచే పోయింది. గేటు వెనకబడ్డాక కూడా హనుమంతమ్మ తల తిప్పి, ఎవరినో సాగనంపుతున్నట్టు, దానివైపే చూసింది.

దర్గాలోని ముసలాయన ఫోను వెలుగు ఆమె కళ్లలోకి పట్టాడు. తాయెత్తు తీయలేదు.

"ఇది గాలి కాదు బేటీ, నెత్తిలో దెబ్బ. పొద్దున్నుంచీ ఏం చేస్తాండారు? ఆసుపత్రికి పోండి, జల్దీ!"

తిరుగు దారిలో ఆమె భువన భుజం మీద వాలి గురక పెట్టింది.

"నిద్రపోవద్దత్తా! నాతో మాట్లాడు!"

"పాప... చెప్పు..."

గురకకూ గురకకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. గేటు కనిపించింది. తర్వాతి గురక కోసం భువన తన ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. అది రాలేదు.

"పుర్రె లోపల రక్తం గడ్డకట్టింది," అంది డాక్టరమ్మ. "పొద్దున్నే తెచ్చింటే తీసేసేవాళ్లం. బతికేది తల్లీ."

మారెన్న గోడకు నుదురానించి నిలబడిపోయాడు.

యార్డులో లారీ నిండింది. ఆ ఒక్క బస్తాను ఎవరూ ముట్టలేదు. దాని మూతికి ఆకుపచ్చ చెంగు ముక్క. పక్కనే పురికొస కొసన దబ్బనం, తర్వాతి కుట్టు కోసం ఆగినట్టు, గాలి కదలని యార్డులో మెల్లగా ఊగుతోంది.